మేస్త్రీ ఒప్పుకున్న తప్పు

"బ్రేకు గొట్టం బోల్టు బిగించడం మరిచిపోయాను. నా బావమరిది చావుకి నేనే కారణం. ఇంకేం కావాలి మీకు?"

ఈ ముక్కలు ఒకే గుక్కలో అనేసి మేస్త్రీ పోలీసు స్టేషను గదిలో గోడవైపు తిరిగి కూర్చున్నాడు. నిన్నటినుంచి అడిగినవాళ్లందరికీ ఇదే చెబుతున్నాడు, ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా. డిటెక్టివ్‌కి అనుమానం పుట్టింది అక్కడే. నిజం చెప్పేవాడు తడబడతాడు, మధ్యలో ఆగుతాడు, చెప్పిందే ఇంకోలా చెబుతాడు. ఈయన పాఠం అప్పజెబుతున్నాడు.

మూడు రోజుల కిందట పది మోటార్‌సైకిళ్లు ఎత్తయిన కొండల్లోకి, రోడ్లు లేని దారిన బయలుదేరాయి. ఉదయం ఆరుకి మేస్త్రీ షెడ్డు గేటు దాటాయి. తొమ్మిదీ పదికి వాటిలో ఒకటి మొదటి కొండ దిగుతూ నాలుగో మలుపులో లోయలో పడింది. నడిపినవాడు మేస్త్రీ భార్యకి తమ్ముడు. ఇరవై తొమ్మిదేళ్లవాడు. తల్లి పోయాక తొమ్మిదో ఏటినుంచీ అక్క చేతిలోనే పెరిగాడు.

డిటెక్టివ్‌ని పెట్టుకున్నది ఆ అక్కే. "మా ఆయన మరిచిపోయే మనిషి కాదండీ. తమ్ముడు ఎలాగూ తిరిగి రాడు. ఈయన్నైనా నాకు తెచ్చిపెట్టండి" అంది నిన్న. ఏడవకుండానే అంది. మధ్యాహ్నం మూడింటికి మేస్త్రీని కోర్టులో పెడతారు. ఇప్పుడు టైము పదిన్నర.

"పని ఎన్నింటికి ముగించారు?" అడిగాడు డిటెక్టివ్.

"ముందురోజు సాయంత్రం నాలుగున్నరకి."

"ఏమేం చేశారో వరసగా చెప్పండి."

మేస్త్రీ ఇటు తిరిగాడు. పని మాట వచ్చేసరికి మనిషికి ప్రాణం లేచొచ్చినట్టయింది. "పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుందండీ. ఇంజనుకి ఊపిరాడదు. అందుకని పెట్రోలు తగ్గించే చిన్న జెట్టు వేశాను. రాళ్లమీద పట్టు దొరకాలని టైర్లలో గాలి సగానికి దించాను. నిటారు ఎక్కుడుకి లాగాలని వెనక పళ్లచక్రం పెద్దది వేశాను..."

"చక్రం పెద్దదైతే పాత చైను చాలదు కదా?"

మేస్త్రీ టక్కున ఆగాడు. "చైనుకేమండీ. కొత్త చైను వేశాను. దానికేం కాలేదు. నేను మరిచింది బ్రేకు."

"నేను చైనుకి ఏమైందని అడగలేదే!"

"బ్రేకు అంటున్నాను కదండీ!" అని అరిచాడు మేస్త్రీ. బయట కానిస్టేబుల్ లోపలికి తొంగిచూశాడు.

డిటెక్టివ్ గొంతు తగ్గించి అడిగాడు. "అబ్బాయి ఎలా తయారయ్యాడు ఈ ప్రయాణానికి?"

"నలభై రోజులు రాళ్లు నింపిన సంచీ వీపున వేసుకుని మెట్లెక్కాడు. కొండమీద బండి పడితే లేపేవాడు ఉండడు కదా, అందుకని షెడ్డులో బండిని పడుకోబెట్టి వాడితో రోజూ పదిసార్లు ఎత్తించేవాణ్ణి. పదోసారికి రొప్పుతూ, 'ఈ బండిదేముంది బావా, మా అక్క కోపం ఇంతకంటే బరువు, దాన్ని ఇరవై ఏళ్లుగా మోస్తున్నావు, నీకు దండం' అనేవాడు." మేస్త్రీ నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. మోచేతులు మోకాళ్లమీద పెట్టుకుని పసివాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

డిటెక్టివ్ బయటికొచ్చాడు. యాభై రెండేళ్ల మనిషి, తెలివైనవాడు. తన తెలివి నలుగురికీ తెలియకపోతే అన్నం సయించని రకం. ఆయన కథలో కష్టమంతా అక్కడే వచ్చింది.

స్టేషను వెనక ఆవరణలో, టార్పాలిన్ కింద బండి ఉంది. ముందు చక్రం ముడుచుకుపోయింది. హ్యాండిలు విరిగింది. డిటెక్టివ్ వాటి జోలికి పోకుండా నేరుగా బ్రేకు దగ్గర కూర్చున్నాడు.

మేస్త్రీకి ఒక అలవాటుంది. ఆ ఊళ్లో బండి నడిపేవాళ్లందరికీ తెలుసు. బోల్టు బిగించగానే బోల్టుమీదుగా పక్క ఇనుముమీదికి పసుపు రంగుతో సన్నగా గీత గీస్తాడు. బోల్టు వెంట్రుకవాసి వదులైనా ఆ గీత రెండు ముక్కలవుతుంది. గీత గీశాక ఆ బండిని ఇక ముట్టుకోడు. బయలుదేరేటప్పుడు చూడాల్సింది చేసినవాడు కాదు, ఇంకొకడు. అది ఆయన పెట్టిన నియమం. ఎవడి తప్పు వాడి కంటికి కనబడదంటాడు.

బ్రేకు గొట్టం మధ్యలో తెగిపోయింది, బండరాయికి కొట్టుకుని. బోల్టు మాత్రం చెక్కుచెదరలేదు. దానిమీద పసుపు గీత తిన్నగా, ఒకే ముక్కగా ఉంది.

మరిచిపోయానన్న బోల్టు బిగించే ఉంది. అంటే మేస్త్రీ అబద్ధమాడుతున్నాడు. తన తలమీదికే తెచ్చుకునే అబద్ధం! డిటెక్టివ్ భూతద్దం తీసి చైను వైపు జరిగాడు.

"ఏం భూతద్దం గారూ, బండితో మాటామంతీనా? ఏమంటోంది?"

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. చేతిలో టీ గ్లాసు, వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు. ఆయనకీ డిటెక్టివ్‌కీ పదేళ్లనుంచి ఉప్పూ నిప్పూ. ఒకరు పట్టిన కేసు ఇంకొకరికి గొంతులో ముల్లు.

"ఇన్‌స్పెక్టర్ గారు నా మొహం కూడా చూడలేదని బాధపడుతోంది" అన్నాడు డిటెక్టివ్.

"చూడ్డానికేముంది? చేసినవాడే ఒప్పుకున్నాడు. అజాగ్రత్త వల్ల చావు. మూడింటికి కోర్టు, నాలుగింటికి నేను ఇంట్లో."

"మీరు తీయించిన ఫొటోల్లో నాలుగో మలుపు మట్టిలో పద్నాలుగు అడుగుల గీత ఉంది. చూశారా?"

"జారింది. కొండమీద బళ్లు జారవా?"

"బ్రేకు పట్టని బండి తిన్నగా దూసుకుపోతుంది, మట్టిలో గీత పడదు. గీత పడిందంటే వెనక చక్రం తిరగడం ఆగిపోయింది. ఎందుకాగిందో ఇదిగో చూడండి." డిటెక్టివ్ వేలు పెట్టి చూపించాడు. ఊడిన చైను ఇంజను పక్కన చిన్న చక్రం చుట్టూ ఉండచుట్టుకుని ఇరుక్కుపోయి ఉంది. "చైను బండి పడ్డప్పుడు తెగలేదు. దిగుతుండగానే ఊడింది. ఊడి చక్రాన్ని పట్టేసింది. మలుపులో ఉన్నవాడికి ఇక దారేది?"

ఇన్‌స్పెక్టర్ టీ తాగడం ఆపాడు. "అయితే చైను సరిగ్గా బిగించలేదన్నమాట. ఏదైతేనేం, మేస్త్రీ తప్పే."

"అక్కడే ఉంది మజా." డిటెక్టివ్ ఇప్పుడు ఊపుమీదున్నాడు. "చైను రెండు కొసల్నీ కలిపే చోట రెండు పిన్నులుంటాయి. వాటిమీద ఒక పలక, పలక ఊడకుండా గోరంత క్లిప్పు. ఈ పిన్నుల కొనలమీద పసుపు చుక్కలు కనబడుతున్నాయా? క్లిప్పు పెట్టి, రంగు వేసి, పని పూర్తిచేశాడు మేస్త్రీ. క్లిప్పు పడ్డ దెబ్బకి ఎగిరిపోతే పిన్ను అంచు విరగాలి. విరగలేదు. పైగా పక్కనే సూదిమొనంత సన్నని గీతలు. పటకారు గీతలు కావవి. రంగు ఆరాక ఎవరో మొనదేలిన పనిముట్టుతో క్లిప్పు ఊడదీశారు. ఇది మరుపు కాదండీ ఇన్‌స్పెక్టర్ గారూ, హత్య."

"మరి మేస్త్రీ ఎందుకొప్పుకున్నాడు?"

"ఒప్పుకున్నవాడు ఎందుకు అబద్ధమాడుతున్నాడో కనుక్కోవడం మీ ఉద్యోగం. అది కూడా నన్నే చేసిపెట్టమంటారా?"

కానిస్టేబుళ్లలో ఒకడు కిసుక్కున నవ్వాడు. ఇన్‌స్పెక్టర్ మొహం కందగడ్డ అయింది. టీ నేలమీద పారబోసి లోపలికి వెళ్లిపోయాడు. డిటెక్టివ్ మీసం దువ్వుకున్నాడు. ఆ గెలుపు ఆయనకి సరిగ్గా గంటన్నర మిగిలింది.

పన్నెండుకి మేస్త్రీ షెడ్డు చేరాడు. ముందు షెడ్డు, వెనక ఒకటే గది. గదిలో తోలు కుట్టే పెద్ద మిషను, దాని పక్కన అక్క. బళ్లకి రెండువైపులా వేలాడే సామాన్ల సంచులు ఆవిడే కుడుతుంది. కొండ ప్రయాణాలకి ఆ సంచులు ఎడమా కుడీ ఒకే బరువు తూగాలి. అవి తూచే తక్కెడ మూలనుంది. ఆవిడ చేతిలో ఎవరిదో సంచీ ఉంది, కుడుతూనే ఉంది.

"కుట్టకుండా కూర్చుంటే చేతులు వణుకుతున్నాయండీ" అంది, తలెత్తకుండానే. "ఆయన్ని చూశారా? ఏమైనా తిన్నారా?"

"చూశానమ్మా. మీరన్నది నిజం. బ్రేకు ఆయన మరిచిపోలేదు."

సూది ఆగింది. అక్క కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది. "చెప్పానా? నేను చెప్పానా మీకు?"

"ముందురోజు సాయంత్రం నాలుగున్నర తర్వాత బండి దగ్గరికి ఎవరొచ్చారు?"

"ఎవరొస్తారండీ? ఐదునుంచి ఏడుదాకా ఆయన కుర్రాళ్లకి ట్యూబు పంచరు వేసుకోవడం నేర్పడానికి వెళ్లారు. తమ్ముడూ ఆయన వెంటే. నేనొక్కదాన్నే ఉన్నాను, బండికి సంచుల పట్టీలు కొలుస్తూ."

డిటెక్టివ్ చూపు మిషను మీదికి పోయింది. కత్తెర, మైనం రాసిన దారం, దబ్బనం. దబ్బనం మొన దగ్గర పసుపు రంగు పొట్టు అంటుకుని ఉంది.

ఎన్నో కేసులు చూసినవాడు కాబట్టి మొహం మారనివ్వలేదు. ఇంకోవైపునుంచి వద్దామనుకున్నాడు. "మీ ఆయనకి మరుపు లేదని కోర్టు నమ్మాలి కదమ్మా. ఒక్క ఉదాహరణ చెప్పండి."

"ఒకటేంటి, అదే రోజుది చెబుతాను" అంది అక్క చప్పున. "సిగ్గుపడాల్సిన సంగతే, అయినా చెబుతాను. పదిరోజుల కిందట కొంచెం ఎత్తుకి సరదాగా బండి తిప్పడానికి పోయొచ్చాడు తమ్ముడు. మర్నాడు వాడి దిండుమీద రక్తం మరకలు. ముక్కులోంచి. తలనొప్పికి మందు కూడా దొంగచాటుగా మింగాడు. 'ఆ ఎత్తు నీకు పడదురా, ఈ ఏడు ఆగు' అన్నాను. 'అక్కా, నేను మేడ ఎక్కినా నువ్వు భయపడతావు' అని నవ్వాడు. బావతో చెబితే చంపుతానన్నాడు. నేను చెప్పలేదు. అదే నా బుద్ధితక్కువ."

"తర్వాత?"

"గేటు దగ్గర బండి మొరాయిస్తే ఆ బండిని వెంట తీసుకుపోరు, అది వాళ్ల రూలు. ఎవరికోసమూ ఆగరు. అందుకని ఆ సాయంత్రం చైను క్లిప్పు దబ్బనంతో తీసేశాను. గేటు దగ్గర చైను ఊడితే ఏమవుతుందండీ? బండి ఆగుతుంది. అంతే కదా? వాడు నన్ను తిడతాడు, వారం మాట్లాడడు, అంతే కదా?" ఆవిడ డిటెక్టివ్ మొహంలోకి చూసింది. "పొద్దున గేటు దగ్గర నిలబడి చూస్తూ ఉన్నాను. ఇప్పుడు ఊడుతుంది, ఇప్పుడు ఊడుతుంది అని. ఊడలేదు. చెయ్యూపుకుంటూ వెళ్లిపోయాడు. అప్పుడర్థమైంది, ఆయన చూసి మళ్లీ క్లిప్పు పెట్టేశారని. తర్వాత అడిగితే అవునన్నారు. చూడండి, గోరంత క్లిప్పు లేకపోతే కనిపెట్టిన మనిషి, బ్రేకు బోల్టు మరుస్తాడా? ఇది మీరు కోర్టులో చెప్పండి. నన్ను తిట్టుకున్నా ఫరవాలేదు."

గీత గీశాక మేస్త్రీ బండిని ముట్టుకోడు, అంటే క్లిప్పు మళ్లీ పెట్టనేలేదు. కొత్త చైను పలక బిగుతుగా కూర్చుంటుంది. క్లిప్పు లేకపోయినా మూడు గంటలు ఆగింది. గేటు దగ్గర ఊడాల్సింది నాలుగో మలుపులో ఊడింది. ఈ మనిషి తన చేతులతో చేసిన పనిని, భర్త మంచితనానికి సాక్ష్యంగా తనే తెచ్చి చేతిలో పెడుతోంది.

"చెబుతానమ్మా" అన్నాడు ఎలాగో, బయటపడ్డాడు.

ఇంకొక్క ఆశ మిగిలింది. పొద్దున గేటు దగ్గర చూడాల్సినవాడు నిజంగానే చూసి, ఇంకో క్లిప్పు పెట్టి ఉంటే? ప్రతి బండినీ దాని జోడీ, అంటే పక్కన నడిపే రెండో మనిషి, తనిఖీ చేసి సంతకం పెట్టాలి. వెనక చక్రం తిప్పి, చైను లాకుని, అంటే ఆ క్లిప్పుని, వేలితో తడమాలి. తమ్ముడి జోడీకి రెండు వీధుల అవతల మందుల కొట్టుంది.

ముప్పై దాటిన మనిషి, కొట్టులో ఒంటరిగా ఉన్నాడు. మందుల అట్టల మీద తేదీ ఒకటికి రెండుసార్లు చూసిగానీ ఇవ్వడని ఆయనకి పేరు.

"పొద్దున చైను లాకు తడిమి చూశారా?" డిటెక్టివ్ ఉపోద్ఘాతం లేకుండా అడిగాడు.

"సంతకం పెట్టానండీ."

"చూశారా అని అడిగాను."

జోడీ చేతిలోని మందుల అట్ట గల్లాబల్ల మీద పెట్టేశాడు. "మేస్త్రీ గారు చేసిన బండిని నేను తడమడమేంటండీ? బండి తోలడం నేర్పిందే ఆయన. అక్కడే ఎదురుగా నిలబడి ఉన్నారు. ఆయన ముందు వంగి లాకు చూస్తే, నీమీద నాకు నమ్మకం లేదు అన్నట్టుంటుంది. మిగతా తొమ్మిది బళ్లూ చూసుకున్నారు. మేస్త్రీ గారు స్వయంగా చేసిన వాడి బండిని మాత్రం ఎవరం చూడం. ఎప్పుడూ చూడం. గౌరవమండీ అది." ఆయన గల్లాబల్ల దాటి ఇవతలికి వచ్చాడు. "లాకు లేదా? చెప్పండి. లాకు లేదా?"

డిటెక్టివ్ మెట్లు దిగాడు. చైను మాట ఇన్‌స్పెక్టర్ చెవిన వేసింది తనే. హత్య అన్నదీ తనే, ఇద్దరు కానిస్టేబుళ్లు నవ్వుతుంటే, మీసం దువ్వుకుంటూ. ఆటో దొరికేలోపు నాలుగుసార్లు గడియారం చూసుకున్నాడు. స్టేషను చేరేసరికి ఒంటిగంట దాటింది.

మేస్త్రీ అదే గోడకి ఆనుకుని ఉన్నాడు. డిటెక్టివ్ పక్కన కూలబడ్డాడు. "మీ ఆవిడ చెప్పింది. క్లిప్పు సంగతి."

మేస్త్రీ మొహంలో రక్తం ఇంకిపోయింది. "తనకి తెలిసిపోయిందా?"

"లేదు. మీరు మళ్లీ పెట్టారనే అనుకుంటోంది."

మేస్త్రీ రెండు చేతులతో డిటెక్టివ్ చెయ్యి పట్టుకున్నాడు. "కబురు తెలిసి వెళ్లి, లోయలోకి దిగి వాణ్ణి ఎత్తింది నేనేనండీ. అప్పుడే చైను చూశాను, క్లిప్పు ఏమైందో అంతుపట్టలేదు. ఇంటికి రాగానే తను గుమ్మంలో పట్టుకుని మొదట అడిగింది అదే. 'ఆ క్లిప్పు మీరు మళ్లీ పెట్టారు కదా?' అని. అప్పుడు తెలిసింది నాకు. పెట్టానన్నాను. ఇంకేమంటానండీ? వాణ్ణి ఒళ్లో పెట్టుకుని పెంచింది. నిజం తెలిస్తే మర్నాటికి బతకదు. మరి వాడు ఎలా పోయాడని అడుగుతుంది కదా, దానికో కారణం కావాలి. నామీద వేసుకున్నాను. రెండేళ్లు జైల్లో ఉంటాను, ఐదేళ్లుంటాను. నన్ను తిట్టుకుంటూ బతకనీయండి. అది మాత్రం బతకాలి."

"నేను నోరు విప్పను" అన్నాడు డిటెక్టివ్. ఉద్యోగంలో మొదటిసారి ఒక నిజాన్ని పాతిపెట్టడానికి ఒప్పుకున్నాడు. కళ్లు మండాయి, తుడుచుకోలేదు.

"చైను సంగతి ఇంకెవరికీ చెప్పలేదు కదండీ?"

డిటెక్టివ్ తల దించుకున్నాడు. చెప్పేలోపే పక్క గదిలోంచి ఇన్‌స్పెక్టర్ గొంతు వినిపించింది. "కూర్చో అమ్మా. జీపులో తీసుకొచ్చినందుకు భయపడకు. ఒక్క వస్తువు గుర్తుపట్టి వెళ్దువుగాని."

ఇద్దరూ ఒక్కసారే లేచారు. కానిస్టేబుల్ అడ్డం వచ్చినా మేస్త్రీ తోసుకుని గుమ్మందాకా వచ్చేశాడు. పక్క గదిలో బల్లమీద తెల్లకాగితం, దానిమీద చైను. ఎదురుగా అక్క. ఇన్‌స్పెక్టర్ డిటెక్టివ్ వైపు చూసి, పొద్దుటి బాకీ తీర్చుకుంటున్నట్టు చిరునవ్వు నవ్వాడు. "మీరు చెప్పినట్టే నా ఉద్యోగం నేను చేస్తున్నాను. ఏమ్మా, ఇది మీ తమ్ముడి బండిదేనా? ఎక్కణ్ణుంచి తీశామో తెలుసా? బండి ఇంజనులో ఇరుక్కుపోయి ఉంది."

"అమ్మా, దాన్ని ముట్టుకోకండి!" అన్నాడు డిటెక్టివ్. "అది పడ్డప్పుడు ఊడింది. క్లిప్పు దెబ్బకి ఎగిరిపోయింది."

అక్క వినలేదు. ఇరవై ఏళ్లు ఆ షెడ్డులో బతికిన మనిషి. చైను చేతిలోకి తీసుకుని కొస వెతికింది. రెండు పిన్నులమీద బొటనవేలు నెమ్మదిగా రాసింది.

"దెబ్బకి ఎగిరితే అంచు విరుగుతుందండీ" అంది మెల్లగా. "ఇది విరగలేదు. ఇవి నా దబ్బనం గీతలు. వీటిమీద ఇంకో క్లిప్పు ఎక్కనేలేదు."

తలెత్తి గుమ్మంలో ఉన్న భర్తని చూసింది. ఆవిడ మొహంలో ఇంకా కోపం లేదు, ఏడుపు లేదు. ఒక్క అవును కోసం బతిమాలుకుంటున్నట్టుంది.

"మళ్లీ పెట్టానన్నారు కదండీ?"